మేఘనకు పన్నెండు నిండాయి

ఈ సాయంత్రం, ఉత్తరాదిన వైశాలిలో ఉండే నా స్నేహితురాలు సునీత ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి మేఘనకు ఇవాళ పన్నెండు నిండాయి. ఆ పిల్ల రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉంది. ఇంట్లో ఎవరి కిడ్నీ కూడా సరిపడకపోవడంతో, చనిపోయినవారి నుంచి వచ్చే కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో పేరు రాయించారు.

మేఘన తలుపు తీయగానే అలవాటుగా అనేశాను, "అప్పుడే ఎంత పెద్దదానివైపోయావే."

"ధీరే బోలో ఆంటీ," అంది నవ్వుతూ. "లిస్ట్ వాలే సున్ లేంగే."

గట్టిగా అంటే లిస్టు వాళ్ళు వింటారట. నాకు అర్థం కాలేదు. వంటింట్లోకి వెళ్ళాక సునీత చెప్పింది.

"చిన్నపిల్లలకి వయసుని బట్టి పాయింట్లు ఎక్కువిస్తారు కదే. పన్నెండు రాగానే ఒకటి తగ్గుతుంది. ఆ రూలు మేఘన నాకంటే ముందే చదివేసింది."

రూలు తప్పనలేను. మేఘనకంటే చిన్నవాళ్ళు ముందుండాలంటే ఎలా కాదంటాను? డయాలసిస్‌లో గడిచిన నెలలకూ పాయింట్లు కలుస్తాయట. అయినా ఆ లెక్క నన్ను ఊరడించలేదు.

కేకు కోసం సునీత ఒకటి, రెండు అంకెల కొవ్వొత్తులు తెచ్చింది. మేఘన రెండుని తీసి జేబులో వేసుకుని, దాని చోట నిరుటి కేకు మీది ఒకటి అంకెను గుచ్చింది. పదకొండు వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

పిల్లలు కనబడితే నాకు పెద్దవాళ్ళైపోయారనే ఆ ఒక్క మాటే వచ్చు. మీరైతే ఏమంటారో చెప్పండి, నేర్చుకుంటాను.