హోమ్ బేసిక్‌కు ఎనిమిదే

ఉప్పల్‌లో మా నాన్నకు చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఆయన చదివింది పదో తరగతి. నేను ఘట్‌కేసర్‌లో ఇంజినీరింగ్ చేశాను. విండోస్ 7లో ఏ ఎడిషన్ ఎంత ర్యామ్ వాడుకోగలదో ఒక పట్టిక రాసి ఫోన్లో పెట్టుకున్నాను: స్టార్టర్‌కు రెండు జీబీ, హోమ్ బేసిక్‌కు ఎనిమిది, హోమ్ ప్రీమియంకు పదహారు, ప్రొఫెషనల్‌కు నూట తొంభై రెండు. పాత సంగతే. కానీ నాచారం పారిశ్రామికవాడ షెడ్లలో మిషన్లతో పాటు వచ్చిన కంప్యూటర్లు చాలావరకు ఇంకా విండోస్ 7 మీదే నడుస్తున్నాయి.

నిరుడు అక్కడి ఎంబ్రాయిడరీ యూనిట్ ఓనరు నాన్న దగ్గర ఎనిమిది జీబీల ర్యాములు రెండు కొన్నాడు. మర్నాడే ఫోన్ చేశాడు.

"పదహారని ఇచ్చినవ్, 7.96 జీబీనే వాడుతదట. డూప్లికేట్ మాల్ అంటగట్టినవా అన్న? ఈ లైన్ల అందరికి చెప్త."

ఆ లైన్లో సగం షెడ్ల పని నాన్నదే. నన్నూ బండెక్కమన్నాడు.

వెళ్లి చూస్తే స్క్రీన్ మీదే ఉంది, హోమ్ బేసిక్ అని. నా పట్టిక తీసి చూపించబోయాను.

"ఫోన్ల ఏమన్న రాసుకోవచ్చు తమ్మీ," అన్నాడు ఓనరు, చూడనైనా చూడకుండా.

నాన్న కంప్యూటర్ ఆపి మూత విప్పాడు. జేబులోంచి రబ్బరు తీసి ర్యాముల బంగారు రంగు అంచులు తుడిచాడు. ఒక్కటే పెట్టి ఆన్ చేశాడు: 7.96. అది తీసి రెండోది పెట్టాడు: 7.96. రెండూ కలిపి పెట్టినా అంతే.

"రెండూ మంచివే గద సేట్. మీ షెడ్డు సంపు ఎంతది?"

"ఎనిమిది వేల లీటర్లది."

"ట్యాంకర్ల పదహారు వేల లీటర్లు తెప్పిస్తే?"

"ఏడ పోస్తరు, మా నెత్తి మీదనా?" అంది మిషన్ మీద పనిచేస్తున్న అక్క. అందరూ నవ్వారు.

"ఇదీ గంతే. ర్యామ్ నీళ్లు, విండోస్ సంపు."

ఓనరు ఊరుకోలేదు. "మరి సంపు సూడకుండ ట్యాంకర్ ఎందుకు తెచ్చినవ్?"

నాన్న తలూపాడు.

"అది నా తప్పే సేట్. అడగాల్సుండె, అడగలె." ఒక ర్యామ్ ఊడదీసి డబ్బాలో పెట్టాడు. "ఇది వాపస్ తీస్కుంట."

"గా పక్క మిషన్ గూడ జర సూసిపో అన్న," అన్నాడు ఓనరు.

తిరిగి వస్తుంటే, బండి నడుపుతున్నది మా నాన్న అని సిగ్నల్ దగ్గర ఆగిన వాళ్లందరికీ చెప్పాలనిపించింది.

ఆ సాయంత్రం ఆయన నా పట్టికను ఒక అట్టముక్క మీదకు ఎక్కించి కౌంటర్ పక్కన వేలాడదీశాడు. అన్నిటికన్నా పైన, నేను రాయని వరుస ఒకటి ఉంది: "ముందు ఎడిషన్ అడగాలె." దాన్ని నా ఫోన్లోనూ చేర్చుకున్నాను, ఒకటో నంబరుగా.