దయ్యం కుడి చెంప

దయ్యాలను తయారుచేసి బతికిన భిక్షపతికి లోకంలో ఒక్క మనిషంటేనే భయం. ఆమె అతని అక్క మంగవ్వ.

పొద్దున పంజాగుట్టలో ఆమె కంటి పరీక్ష. నెల కిందట శుక్లం తీశారు. ఇక సూదిలో దారం కూడా ఎక్కించుకోవచ్చని డాక్టరు మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అమీర్‌పేటలో భిక్షపతికి పనుంది. ఆ పని అక్క చూడకూడదు.

"నువ్వు ఇంటికి పో అక్కా, ఆటో ఎక్కిస్త."

"ఎందుకు? కొత్త కండ్లు వచ్చినయి. నీ పని జర చూడనీయవా?"

ఆమెకు ఎదురు చెప్పడం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఇద్దరూ మెట్రో ఎక్కి పక్క స్టేషను అమీర్‌పేటలో దిగారు.

అక్కడి మైత్రీవనంలో గ్రాఫిక్స్ నేర్పే ప్రమోద్‌కు పాత దయ్యాల సినిమాలంటే పిచ్చి. నలభై ఏళ్ల నాటి ఒక చవక సినిమాలో కాలిన ముఖం దయ్యానికి మేకప్ చేసింది భిక్షపతేనని తెలిసి, తన దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆ పనితనం చూపించమని వెంటపడ్డాడు.

సామాను పెద్దగా ఏం లేదు. బియ్యప్పిండి గంజి, దూది, రంగులు, ఒక టేబుల్ ఫ్యాను. నేతపనివాళ్ల ఇంట్లో పుట్టినవాడు గనక పడుగు దారాలకు గంజి పెట్టినట్టే ముఖానికి పెట్టాడు, పలచగా, పొర మీద పొర. ఆరేకొద్దీ గంజి చర్మాన్ని లాగి ముడుచుకుంటుంది. ఆ ముడతలను ఏ కుంచే గీయలేదు. ఎదురుగా కూర్చున్న విద్యార్థిని మంజూష కుడి చెంప గంటలో కరిగిన మైనంలా జారిపోయింది.

ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని జడుసుకుంది, వెంటనే నవ్వింది. "కంప్యూటర్లో ఇది చెయ్యాలంటే వారం పడుతుందండీ! ఈ ముఖం మీకెలా తట్టింది సార్?"

"ఊకెనే. మనసుల అనుకున్న."

నలభై ఏళ్లుగా అదే జవాబు, అదే అబద్ధం. అక్కకు ఇరవై ఏళ్లప్పుడు పొయ్యి మీది గంజి కుండ ఒరిగి ఎడమ చెంప కాలింది. సినిమా వాళ్లు కాలిన ముఖం కావాలన్నప్పుడు అతని చేతికి తెలిసిన ముఖం అదొక్కటే. కళాకారుడి అంతర్వేదన అని దీనికి శాలువా కప్పేవాళ్లుంటారు. దొంగతనం అంటే సరిపోతుంది. దొంగకుండే జాగ్రత్త కూడా పడ్డాడు: గాయాన్ని కుడి చెంపకు మార్చాడు, చూసినా అక్క పోల్చుకోకూడదని. సినిమా ఊళ్లోనూ ఆడింది. ఆమె చూసిందో లేదో ఈనాటి దాకా అడగలేదు.

ప్రమోద్ తెర మీద ఆ సీను వేశాడు. చీకట్లోంచి దయ్యం ముఖం ఇటు తిప్పింది. పిల్లలు ఈలలు వేశారు. "మస్తుగుంది తాతా!" అని ఎవరో అరిచారు. భిక్షపతి మాత్రం అక్క కూర్చున్న వెనక బెంచీనే చూస్తున్నాడు. నలుగురిలో ఉంటే కొంగు చెంప మీదికి లాక్కునే మంగవ్వ, ఇవాళ కొంగు ముట్టుకోలేదు.

బయట మెట్ల దగ్గర ఆమే మొదలుపెట్టింది.

"దీన్ని అప్పట్ల మనూరి టాకీసుల సుత చూసిన్రా నేను."

"గది కుడి చెంప అక్కా. నీది ఎడమది."

"అద్దం ముంగట మొకాలు దిద్ది బతికినోనివి, గదీ తెల్వదా? నా మొకం నేనెప్పుడన్న ఎదురుంగ చూసుకున్ననా? అద్దంలనే గద. అద్దంల నాది కుడి చెంపే అయితది. ఊరందరికి అది దయ్యం. నాకొక్కదానికే అచ్చం నేను."

మంగవ్వ ఒక మెట్టు దిగి ఆగింది.

"ఆ దినం భయంతోని అందరు మొత్తుకున్నరు తమ్మీ. నేను సుత మొత్తుకున్న. ఊకుంటే పక్కోళ్లు నా దిక్కు చూస్తరని."

అంతలో మంజూష చెంప గోకుతూ బయటికొచ్చింది. "సార్, ఇది రావట్లేదండీ, లాగితే మండుతోంది."

"గుంజకు బిడ్డా," అంది మంగవ్వ. "తడుపు. అదే ఊడొస్తది."

భిక్షపతి మగ్గుతో గోరువెచ్చటి నీళ్లు తెచ్చి పట్టుకున్నాడు. మంగవ్వ తన కొంగు ముంచి ఆ చెంప అద్దింది. గంజి జారి మగ్గులో పడింది. కింద చెంప నున్నగా, అసలేమీ జరగనట్టు బయటపడింది. మంగవ్వ దాన్ని ఒకసారి వేలితో తాకి చూసింది.