అత్తగారి చేతికి నీలం బ్యాండు

మొన్న నేషనల్ డే సెలవుకి శనాదివారాలు కలిసొచ్చాయని మా అమ్మాయీ అల్లుడూ పిల్లాడితో పాటు నన్ను కూడా పడవెక్కించి, సింగపూర్‌కి గంట దూరంలో ఉన్న బింటాన్ దీవిలో ఒక సముద్రం ఒడ్డు హోటల్‌కి తీసుకెళ్ళారు. లోపలికి అడుగు పెట్టగానే కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్ల ముందు, ఎవరూ అడక్కుండానే, నేను కుడిచెయ్యి చాపాను. ఆ పిల్లకి అర్థం కాక, పాపం, నవ్వుతూ తనూ చెయ్యి కలిపింది. చేతికి బ్యాండు వెయ్యరా అని అడిగితే, "ఇప్పుడు బ్యాండ్లు లేవు ఆంటీ, అంతా ఫోన్‌లోనే" అంది. మా అల్లుడు పకపకా నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు, సూట్‌కేసు పట్టుకుని అటు తిరిగిపోయింది. నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని పమిట కింద దాచుకున్నాను. ఆ దాచుకోవడం నా అలవాటు కాదు, మా అత్తగారిది.

మా మామగారు పోయేనాటికి ఆవిడకి నలభై నిండలేదు. మావారు అప్పటికి ఇంటర్ చదువుతున్నారు. పదో రోజున ఆవిడ చేతులకి ఏం చేశారో నా వయసు వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు, మనమందరం చిన్నప్పుడు తలుపు సందుల్లోంచి చూసినవాళ్ళమే. ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఆ మణికట్టుకి ఏదీ ఎక్కలేదు. మావారు మొదటి జీతంతో వాచీ కొనిస్తే అది కూడా బీరువాలోనే ఉండిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ చెయ్యి తనంత తానే పమిట కిందకి వెళ్ళిపోయేది. కాఫీ కలిపి వంటింటి గుమ్మం దాకా తెచ్చి, పళ్ళెం నా చేతికిచ్చి, అక్కణ్ణించే వెనక్కి తిరిగేవారు.

నేను కాపరానికి వచ్చిన రెండేళ్ళకి ఆవిడ మాతో పాటు సింగపూర్ వచ్చేశారు. ఆంగ్ మో కియోలో పదో అంతస్తు ఫ్లాట్, మూడే గదులు. అత్తాకోడళ్ళకి పడదని లోకమంతా అంటుంది గాని, ఆవిడ నన్ను ఒక్క మాట అన్న గుర్తు లేదు. నిజం చెప్పొద్దూ, ఆవిడ గయ్యాళి అత్త అయి ఉంటే బాగుండేది, ఇప్పుడు నాకింత బాధ ఉండేది కాదు. మాట తూలేది నేనే. ఆఫీసు చాకిరీ, చంటిపిల్ల, నిద్రలేమి అని నాకు నేనే సాకులు చెప్పుకునేదాన్ని. ఆవిడ మాత్రం మా అమ్మాయికి జడ వేస్తూ, స్కూలు గౌను అంచులు కుట్టుకుంటూ, కారిడార్లో కుండీల్లో కరివేపాకూ తులసీ పెంచుకుంటూ ఎవరికీ అడ్డం రాకుండా బతికారు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు, ఇలాగే నేషనల్ డే సెలవుకి, మావారు బింటాన్‌లోనే ఒక హోటల్‌లో మూడు రోజుల ప్యాకేజీ తీసుకున్నారు. తిండీ తీర్థం, ఆటా పాటా అన్నీ అందులోనే, విడిగా దేనికీ అడగరు. అంత చెప్పినా వింటానా, అత్తగారు బయటి తిండి ముట్టరని రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, కందిపొడి, పెరుగు తోడు పెట్టుకోవడానికి గిన్నె, అన్నీ సర్దాను. మన వాళ్ళు స్వర్గానికి వెళ్ళినా కుక్కరు పట్టుకునే వెళతారని మావారు పడవలో ఒకటే వేళాకోళం.

హోటల్ కౌంటర్ దగ్గర ఒక పిల్ల నీలం రంగు ప్లాస్టిక్ బ్యాండ్లు తీసి మావారికీ, నాకూ, మా అమ్మాయికీ వరసగా చేతికి వేసింది. అత్తగారు నా వెనక పమిట కింద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆ పిల్ల కౌంటర్ ఇవతలికి వచ్చి, సొంత మనవరాలి చనువుతో ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తీసింది. ఆవిడ ఉలిక్కిపడి నా మొహంలోకి చూశారు. నేను నవ్వుతూ, "వేయించుకోండత్తయ్యా, అది లేకపోతే ఇక్కడ అన్నం పెట్టరు" అన్నాను. అప్పుడు ఆవిడ చెయ్యి చాపారు. టిక్కుమని బిగిసింది. కత్తిరిస్తే తప్ప ఊడి రాని రకం. ఆ సాయంత్రమంతా ఆవిడ దాన్ని చేతి చుట్టూ తిప్పుకుంటూ కూర్చున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం నేను గదిలో కుక్కరు దించి, అన్నం కలిపి చూస్తే అత్తగారు లేరు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెతుక్కుంటూ ఒడ్డుకి పరిగెడితే, గొడుగు కింద అన్నిటికన్నా ముందు వరస పడక కుర్చీలో, పక్కన మనవరాలితో, కొబ్బరి బోండాం తాగుతూ కనిపించారు. ఆ చెయ్యి కుర్చీ చేతి మీద ఎండలో బాహాటంగా ఉంది. నన్ను చూసి ఆ చెయ్యి పైకెత్తి, "చెయ్యి చూపిస్తే చాలే అమ్మాయ్, ఎవరూ ఏమీ అడగట్లా! ముందు వరసలోనే కూర్చోమన్నారు" అన్నారు. ఆవిడ గొంతులో అంత హుషారు నేను అంతకుముందు వినలేదు. నేనేమన్నానో తెలుసా? అన్నం చల్లారిపోతోంది, రండి అన్నాను. పాపం, లేచి వచ్చేశారు.

మూడో రోజు సాయంత్రం ఆ ఒడ్డునే ఎవరో విదేశీయుల పెళ్ళి జరిగింది. హోటల్లో ఉన్నవాళ్ళందరినీ రమ్మన్నారు. కుర్చీల వరసలు చూడగానే అత్తగారు అలవాటుగా వెనక్కి వెళ్ళి ఒక కొబ్బరిచెట్టు చాటున నిలబడ్డారు. మా పెళ్ళిలో కూడా ఆవిడ అలాగే నిలబడ్డారు. కన్నకొడుకు పెళ్ళి, పీటల మీద మావారి పెదనాన్నగారి దంపతులు కూర్చుంటే, ఆవిడ స్తంభం వెనక నుంచి చూశారు. ఇక్కడ మాత్రం బుట్ట పట్టుకుని తిరుగుతున్న హోటల్ కుర్రది చెట్టు చాటుకి కూడా వెళ్ళి, చేతికున్న బ్యాండు చూసి, దోసిలి నిండా పూరేకులు పోసి, భుజం మీద చెయ్యి వేసి ముందుకి తీసుకొచ్చింది. పెళ్ళికూతురు ఎదురుగా వస్తుంటే మా అత్తగారు ఆ పిల్ల నెత్తిన పూలు చల్లారు. చల్లి, ఏదో తప్పు చేసినట్టు మా అందరి వంకా చూశారు. పెళ్ళికూతురు ఆగి, ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏదో అంది. ఏమందని ఆవిడ నన్ను అడిగారు. థాంక్స్ చెప్పిందత్తయ్యా అన్నాను. రాత్రి భోజనంలో ఆవిడ ఐస్‌క్రీం రెండుసార్లు వేయించుకుని తిన్నారు. మావారు కళ్ళు తుడుచుకోవడం చూసి, ఐస్‌క్రీం తింటే ఏడుపెందుకని నేను నవ్వాను. నాకు అంతే తెలివి.

తిరిగొచ్చాక మేం ముగ్గురం ఆ పూటే బ్యాండ్లు కత్తిరించి పారేశాం. ఆవిడ, "ఉండనీలే, దానివల్ల ఇబ్బందేముంది" అన్నారు. స్నానానికీ, పూజకీ, వంటకీ అదే చేతితో. రెండు వారాలకి రంగు వెలిసింది గాని ఆవిడ తియ్యలేదు. పైగా ఆ చెయ్యి పమిట కిందకి వెళ్ళడం కూడా మానేసింది. ఎదురింటి చైనా మామ్మకి చెయ్యి ఊపడం కూడా మొదలుపెట్టారు. ఇవన్నీ నేను చూశాను. చూసి కూడా ఏమిటో ఆలోచించలేదు.

వరలక్ష్మీ వ్రతం వచ్చింది. పదిహేను మంది ముత్తైదువుల్ని పిలిచాను. అత్తగారు తెల్లవారకముందే లేచి పూర్ణాలు, పులిహోర, గారెలు, తొమ్మిది రకాలూ ఒంటి చేత్తో చేసి దేవుడి ముందు పెట్టడానికి నాకు అందించారు. ఇక వాళ్ళొచ్చే వేళయింది. నా కళ్ళు ఆవిడ చేతి మీద పడ్డాయి. నా బుద్ధి గడ్డి తింది. కొత్తిమీర తరిగే కత్తెర తీసుకుని, "అత్తయ్యా, నలుగురూ వచ్చే వేళ, చేతికి అదేంటని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?" అన్నాను.

ఆవిడ చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకున్నారు.

నేను కత్తిరించాను. ఒక్క నొక్కుకే తెగింది. ఆవిడ ఆ ముక్కని నేల మీద నుంచి తీసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వ్రతం రోజున ఆవిడ గదిలో ఉండటం ప్రతి ఏడూ ఉన్నదే కాబట్టి నాకేమీ అనిపించలేదు. పేరంటాళ్ళు పూర్ణాలు అద్భుతమంటే నేనే చేసినట్టు మురిసిపోయాను కూడా. సరిగ్గా తాంబూలాలు ఇచ్చే వేళకి మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది, నేరుగా నానమ్మ గదిలోకి వెళ్ళింది, రెండు నిమిషాల్లో ఏడుస్తూ హాల్లోకి వచ్చి అందరి ముందూ సగం సింగపూర్ ఇంగ్లీషులో నా మీద విరుచుకుపడింది. "వై యూ కట్, అమ్మా? నౌ నానమ్మ కెనాట్ కమ్ లా! బ్యాండు లేకపోతే అన్నం పెట్టరని నువ్వే చెప్పావు కదా!" అంది. పేరంటాళ్ళు ముసిముసిగా నవ్వారు. నా పరువు పోయిందనుకుని పిల్లని నోర్మూసుకోమన్నాను. మూసి ఉన్న ఆ తలుపు వెనక ఆవిడ ఆ మాటలన్నీ వింటూనే ఉండి ఉంటారు.

మర్నాటి నుంచి ఆవిడ చెయ్యి మళ్ళీ పమిట కిందకి వెళ్ళిపోయింది. నన్ను ఏమీ అనలేదు, అంతకుముందులాగే కాఫీ ఇచ్చారు, జడలు వేశారు. ఏడాది తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున్న కుండీలకి నీళ్ళు పోస్తూ కారిడార్లో కూలబడ్డారు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. ఆవిడ సామాను ఒక చిన్న పెట్టెడు. అందులో విభూతి డబ్బా తెరిస్తే ఆ బ్యాండు ఉంది. తెగిన రెండు కొసలనీ కలిపి, మా అమ్మాయి స్కూలు గౌను కుట్టే నీలం దారంతో, చిన్న చిన్న కుట్లు వేసి మళ్ళీ గుండ్రంగా చేసుకున్నారు. గది తలుపు వేసుకున్నాక ఎప్పుడైనా తొడుక్కునేవారో ఏమో, నాకు తెలియదు. చాదస్తం అనుకుని సొరుగులో పడేశాను. అప్పుడు కూడా నా గుండె కరగలేదు, రాతిదేమో.

నాలుగేళ్ళ కిందట మావారు పోయారు. ఊరి నుంచి మా పెద్దక్క వచ్చింది. చెడ్డది కాదు, నేనంటే ప్రాణం. పదో రోజు జరగాల్సిన వాటి గురించి నెమ్మదిగా చెబుతూ నా గాజుల వంక చూసింది. నేను, ఇంత చదివి, ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి, అప్రయత్నంగా చెయ్యి చాపబోయాను. వంటింట్లోంచి మా అమ్మాయి వచ్చి నా రెండు మణికట్లూ గట్టిగా పట్టుకుని, "అమ్మ చేతుల జోలికి ఎవరూ రావద్దు పెద్దమ్మా. ఒకసారి చూశాను, చాలు" అంది. పాతికేళ్ళు దాటినా ఆ పిల్ల మర్చిపోలేదు. ఆ రోజున అందరూ నేను మావారి కోసం ఏడుస్తున్నానని అనుకున్నారు.

మొన్న హోటల్ నుంచి వచ్చిన మర్నాడు, ఇప్పుడు నేనుంటున్న బెడోక్‌లోని మా అమ్మాయి ఇంట్లో అందరూ ఆఫీసులకీ స్కూలుకీ వెళ్ళాక, సొరుగు వెతికి ఆ బ్యాండు తీశాను. నాకిప్పుడు అప్పటి ఆవిడ వయసే. ముసలావిడ అనుకునేదాన్ని ఆవిణ్ణి! తొడుక్కుందామని చూశాను. వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఎంత సన్నటి చెయ్యో ఆవిడది. కుట్లు విప్పితే పడుతుందేమో గాని, దాని దగ్గరికి మళ్ళీ కత్తెర తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు.

వచ్చే శుక్రవారం మా అమ్మాయి వ్రతం చేసుకుంటుంది. నన్ను ముందు కూర్చోబెట్టి, మొదటి తాంబూలం నా చేతిలోనే పెడుతుంది, నాలుగేళ్ళుగా పెడుతూనే ఉంది. వచ్చిన పిల్లలు ఎవరూ నా చేతుల వంక చూడరు, ఆంటీ ఆంటీ అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టి వెళతారు. హోటళ్ళలో బ్యాండ్లు పోయినట్టే ఇవన్నీ ఎప్పుడు పోయాయో ఎవరికీ గుర్తు కూడా లేదు. మంచిదే, పోవలసినవే. తాంబూలం అందుకున్నప్పుడల్లా నాకు మాత్రం అదే గుర్తొస్తుంది, ఆవిడకి నేను ఒక్క ఆకూ వక్కా ఇచ్చి ఎరగను.

నాకు తెలిసి ఆవిడ ఒకరి ముందు చెయ్యి చాపింది రెండేసార్లు. మొదటిసారి, ముక్కూ మొహం తెలియని ఒక పిల్ల ఆ చేతికి బ్యాండు తొడిగింది. రెండోసారి నేను కోసేశాను.