ఫొటోలో చేను ఎవరిది?

డెబ్బైల తొలినాళ్ళలో నేను తూర్పు ఆఫ్రికాలో సర్వేయర్‌ని. సెలవులో వచ్చి, బంధువుల పెళ్ళికని కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాను. పక్క సీట్లో నడిగూడెం రైతు ఎల్లమ్మ. మాటల్లో నా కొలువు సంగతి వచ్చి, ఏనుగు ఫొటో ఒకటి తీసి చూపించాను. మా కాకినాడలో ఆ ఫొటో చూసినవాళ్ళంతా దండం పెట్టారు. ఆమె పెట్టలేదు.

"ఏనుగు సరే సారూ, అది తొక్కుతున్న మక్కచేను ఎవలది?"

"వన్యమృగాల పార్కు పక్క ఊరి రైతుది."

"మరి తరమలేదా?"

"అక్కడ ఏనుగు మీద చెయ్యెత్తితే జైలమ్మా."

"మరి అవి రాకుండ ఏం జేసిండ్రు?"

"జంతువుల్ని చూడొచ్చే పర్యాటకులు దిగే హోటల్ చుట్టూ లోతైన కందకం తవ్వించారు. కొలతలు వేసింది నేనే" అన్నాను గొప్పగా.

ఆమె గొంతు బస్సంతా వినబడింది. "సూడొచ్చినోళ్లకు కందకం, పండిచ్చెటోళ్లకు జైలా? మా చెల్కల అడివిపందులు పల్లికాయ తవ్వుకపోతే మూడు నెలలు గంజి తాగినం. సదువుకున్నోనివి, గా కొలత వట్టెటప్పుడు సిగ్గనిపియ్యలేదా నీకు?"

మొదట ఆమె మీద మండిపడ్డాను. మిర్యాలగూడలో దిగేసరికి ఆ కోపం నా మీదికే తిరిగింది.

సెలవయ్యాక ఆఫ్రికా వెళ్ళి, ఫొటోలోని ఆ ఊరి పొలాల చుట్టూ కందకానికి కొలతలు వేసి పై అధికారికి ఇచ్చాను. డబ్బు లేదన్నాడు. అదే నోటితో, హోటల్ తోట వైపు కందకం పొడిగించమన్నాడు.

కొలత గొలుసు ఆయన బల్ల మీద పడేసి వచ్చేశాను.