గుజ్జు మామతో గ్రీసు సముద్ర స్నానం

ఆ రోజుల్లో మా చిత్తూరులో కొత్తగా పెళ్లయిన జంటలు హార్స్‌లీ కొండకో, కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్లయితే ఊటీకో వెళ్లి, స్వెట్టర్లు వేసుకుని నాలుగు ఫోటోలు దిగి వచ్చేసేవి. మాకు మాత్రం గ్రీసు దేశంలో ఒక చిన్న దీవి రాసిపెట్టి ఉంది. వినగానే కుళ్లుకోకండి. మమ్మల్ని పంపింది మా ఆయన మేనమామ. పంపి ఊరుకుంటే దేవుడే అనేదాన్ని. భార్యను వెంటబెట్టుకుని తానూ బయలుదేరాడు! ఆయనకు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉంది కాబట్టి బంధువులందరికీ గుజ్జు మామ. ఆ గుజ్జు కొనే గ్రీకు వ్యాపారి ఎవరో మర్యాదకు 'ఒకసారి మా దీవికి రండి' అన్నాడట. (మర్యాదకు పిలిచినా మేం కుటుంబంతో దిగిపోతామని పాపం అతనికేం తెలుసు.)

హనీమూన్‌కు మామ వస్తాడేంటని మా ఆయన్ని నిలదీస్తే, "మామ చెప్పినాడు గదా" అన్నాడు. ఆ మనిషి నోట్లో ఆ రోజుల్లో ఉన్నది ఆ ఒక్క మాటే. నేను మాత్రం ఒక ఆశతో నోరు మూసుకున్నాను. అప్పటిదాకా నేను సముద్రంలో కాలు పెట్టలేదు. చిన్నప్పుడు నాయన రెండుసార్లు మద్రాసు బీచికి తీసుకెళ్తే, ఒకసారి మంగళవారమనీ, ఇంకోసారి శుక్రవారమనీ మా అవ్వ నన్ను ఇసుక దాటనివ్వలేదు. గ్రీసులో అవ్వ ఉండదు కదా, తనివితీరా మునుగుతానని అనుకున్నాను. అవ్వ లేదు సరే, మామ ఉన్నాడు!

విమానం దిగగానే ముగ్గురం గడియారాలు రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకున్నాం. మామ భార్య, మా అత్త మాత్రం తన చేతి గడియారాన్ని ముట్టుకోనివ్వలేదు. "ఇది మా నాయన పెట్టింది. ముల్లు తిప్పేస్తే మనూర్లో ఏమి జరగతా ఉండాదో నాకెట్ల తెలిసేది?" అంది. అక్కడున్నన్నాళ్లూ దాన్ని చూసుకుంటూ, "ఇప్పుడు ఎనుముకు పాలు పిండతా ఉంటారు", "ఇప్పుడు కరెంటు పోయుంటాది" అని మాకు చిత్తూరు వార్తలు చెబుతూనే ఉంది.

మొదటి బీచిలో నేను ఆత్రంగా చెప్పులు విప్పానో లేదో, మామ కేక పెట్టాడు. "ఆగమ్మా! ఈ పొద్దు ఏకాదశి. అమావాసా పున్నమీ కాకుండా సముద్రాన్ని తాకొచ్చునా? ఎప్పుడంటే అప్పుడు పోయి ముట్టుకునేదానికి అదేమన్నా ఈది బోరింగా?" సూట్‌కేసులోంచి పంచాంగం తీశాడు. (పాస్‌పోర్టు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వెళ్లిన మనిషి, పంచాంగం మాత్రం మరవలేదు.) మేం తిరిగి బయలుదేరే రోజే అమావాస్య. "పొద్దున పది దాకా తిథి ఉండాది. ఆ పొద్దు మునుగుదాం. అంతలోపల మంచి బీచి ఒకటి ఏరిపెట్టుకుందాం" అన్నాడు. మా ఆయన వైపు చూశాను. "మామ చెప్పినాడు గదా" అన్నాడు.

ఇక మొదలైంది బీచిల వేట. మండీలో మామిడి లోడు బేరం చేసినట్టు మామ ప్రతి బీచినీ పిడికెడు తీసి, నలిపి, వాసన చూసి పారేసేవాడు. మొదటిదాంట్లో ఇసుకే లేదు, అన్నీ గులకరాళ్లు. "దీన్నా బీచంటారు? ఎండిపోయిన మన నీవా నదే మేలు గదప్పా!" అన్నాడు. రెండోదానికి మేకల దారిన చెమటలు కక్కుకుంటూ దిగితే, అక్కడ తెల్లవాళ్లు నూనె పూసుకుని ఎండలో బోర్లా పడుకుని ఉన్నారు. మామ చూపు తిప్పుకుని, "ఎండ కోసరం ఇంతదూరం వచ్చినారా? మే నెల్లో మన ఫ్యాక్టరీ ముందర పండుకోమను, ఊరికే కాలస్తాం" అన్నాడు. మూడోదాంట్లో ఇసుక నల్లగా ఉంటే, బూడిదని కొట్టిపారేశాడు. అత్త ప్రతి బీచిలోనూ నీడ వెతుక్కుని చిత్రాన్నం పొట్లాలు విప్పేది. (ఉప్పులో ఊరేసిన ఆలివ్ కాయను నేరేడు పండనుకుని నోట్లో వేసుకున్నాక, ఆ దేశపు తిండి మీద ఆమెకు నమ్మకం పోయింది.) నేను చిత్రాన్నం మింగుతూ, పది అడుగుల్లో నీలంగా మెరిసే నీళ్లను చూస్తూ కూర్చునేదాన్ని. నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

చివరికి ఒక బీచి మామకు నచ్చింది. ఎందుకంటారా? అక్కడ ఒక గ్రీకు ముసలమ్మ నిండుగా బట్టలు వేసుకుని స్నానం చేస్తోంది. "ఇది మానంగా ఉండాది" అని తేల్చేశాడు.

అమావాస్య రానే వచ్చింది. మధ్యాహ్నమే మా పడవ. పొద్దున్నే పోదామంటే వింటాడా? సముద్రుడికి కొబ్బరికాయ కొట్టాలని ఊరంతా వెతికించాడు. ఆ దీవిలో కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుంది? ఆఖరికి శాంపిల్ కోసం తెచ్చిన గుజ్జు డబ్బా ఒకటి కోసి, ఒడ్డున నైవేద్యం పెట్టి, సంకల్పం చెప్పి, తన గడియారం చూసుకున్నాడు. "తొమ్మిదే. ఇంకా గంటుండాది. దిగండి!"

నేను పరుగు తీయబోతూ, అత్తకు చెయ్యి అందించాను. ఆమె గడియారం నా కళ్ల ముందుకొచ్చింది. పదకొండున్నర! మామ పంచాంగం చిత్తూరుది, చేతి గడియారం గ్రీసుది. పదింటికి పోవాల్సిన అమావాస్య చిత్తూరులో ఎప్పుడో వెళ్లిపోయింది. చెప్పానా, సముద్రం నాకిక లేనట్టే. చెప్పకపోతే పాపం ఎవరికి చుట్టుకుంటుందో! అవ్వ మొహం గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను.

అత్త నన్ను చూసింది. గడియారాన్నీ చూసింది. నింపాదిగా దాన్ని విప్పి కొంగుకు ముడేసుకుని, చెవిలో అంది: "పెండ్లయినప్పట్నుంచీ ఒడ్డున కూసోనే సూస్తా ఉండా అమ్మణ్ణీ. ఎప్పుడు సూసినా ఏదో ఒక తిథి అడ్డం. గమ్మున రా."

ఇద్దరం చేతులు పట్టుకుని మెడదాకా దిగాం. నీళ్లు నోట్లోకి పోయి ఉప్పగా తగిలితే అత్త చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఆమె మీద నాకు పొంగిపోయేంత ప్రేమ పుట్టింది. మామ మోకాళ్ల దాకా వచ్చి, "అబ్బా, ఐసు!" అని ఒడ్డుకు లగెత్తాడు. మా ఆయన తువ్వాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. (మామ చెప్పినాడు గదా.)

ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా ఆకు ముందు కూర్చోగానే మామ మొదలుపెడతాడు. "గ్రీసులో అమావాస తిథి తప్పకుండా పుణ్యస్నానం చేసినాం తెల్సునా!" అత్త తల వంచుకుని అన్నంలో ఊరబిండి పచ్చడి కలుపుకుంటుంది.

మొన్న మద్రాసు వెళ్తే మా పాప బీచి చూడగానే చెప్పులు విసిరేసి పరిగెత్తింది. "ఆగు! ఈ రోజు..." అని మా అవ్వ గొంతుతో సహా నా నోట్లోంచి వచ్చేసింది; 'మంగళవారం' అన్నది మాత్రం మింగేశాను. ఎవర్నని నవ్వను! గడియారం విప్పి సంచిలో వేసుకుని, నేనూ వెనకాలే దిగాను.

"ఈ రోజు ఏం వారమమ్మా?" అంది పాప, నీళ్లు చిమ్ముతూ.

"ఏమో, నాకేం తెలుసు" అన్నాను.