సార్ నన్ను ‘గారు’ అన్న రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు, నాట్ల రోజులు. సూర్యాపేటలో ఒక దవాఖాన క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే గుండె నరాల్లోకి సన్నటి వైరు పంపి స్టెంట్లు వేసే గదిలో, నేను టెక్నీషియన్‌ని. మా డాక్టర్‌గారిది కోదాడ. చెయ్యి చాలా మెత్తన. నోటి గురించి అంత గట్టిగా చెప్పలేను. వైరు అందించడం ఆలస్యమైతే నా డిగ్రీ ఏ సంతలో కొన్నానో అడిగేవారు.

ఆ ఉదయం మిర్యాలగూడ నుంచి పంపిన పేషెంటు మల్లయ్య, నిడమనూరు రైతు. స్టెంట్‌కు మత్తు ఇవ్వం. మనిషి మెలకువగా పడుకుని అన్నీ వింటాడు. మల్లయ్య నా మీద పడే తిట్లు విని నవ్వుకున్నాడు. “సారూ, జర ఆ తమ్మిని ఇడిసిపెట్టున్రి” అని నా తరఫున వాదించాడు కూడా.

స్టెంట్ వేశాం. నరం సున్నం పట్టి బిగుసుకుపోవడంతో అది పూర్తిగా విచ్చుకోలేదు. లోపల బెలూన్ పెట్టి గట్టిగా ఉబ్బించాం. గాలిబుడగలాంటి ఆ బెలూన్‌ను తగ్గించి, నరం తెరమీద కనబడేలా చేసే డై మందు ఎక్కించగానే, తెరమీద నరం వెంట సాగిపోవాల్సిన నల్లటి గీత పక్కకు పొగలా చిమ్మింది. పర్ఫొరేషన్. నరానికి చిల్లు పడింది. కారిన రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండితే గుండెకు కొట్టుకునే చోటుండదు.

సార్ అదే బెలూన్‌ను చిల్లు మీద ఉబ్బించి అదిమిపెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు.

“రమేశ్ గారూ, కవర్డ్ స్టెంట్ తీసుకురండి.”

కవర్డ్ స్టెంట్ అంటే పైన పొర ఉండేది, చిల్లును మూసేది. దాని పేరు విన్నందుకు కాదు, నా పేరు పక్కన ‘గారు’ వచ్చినందుకు ఒళ్లు చల్లబడింది. రక్తాన్ని పల్చబరిచే మందుకు విరుగుడు సిద్ధం చేయమని నర్సును కూడా ‘అమ్మా’ అని అడిగారు. గదంతా పెళ్లివారింటిలా మర్యాదగా మారిపోయింది.

మల్లయ్య నవ్వు ఆగింది. “సారూ, గిప్పటిదాంక తిట్టిన్రు. ఇప్పుడు గారు అంటున్రు. నాకేమైంది?”

మానిటర్ మీద బీపీ దిగుతోంది. ఇలాంటప్పుడు ఏం లేదు పెద్దాయనా అనడం మా అలవాటు. సార్ కూడా అనబోయి ఆగారు.

“నరానికి చిల్లు పడింది మల్లయ్యా. బెలూన్‌తో ఆపి ఉంచాను. ఇప్పుడు మూత వేస్తాను. నొప్పి వస్తుంది, కదలొద్దు.”

“గట్ల జెప్పున్రి మరి. కదల.”

బెలూన్ తీసి స్టెంట్ పంపే ఆ కాస్తసేపూ చిల్లు తెరిచే ఉంటుంది. కవర్డ్ స్టెంట్ మొండిది, మలుపు దగ్గర ఆగిపోయింది. మల్లయ్య పళ్లు బిగించాడు గానీ వేలు కూడా కదపలేదు. వైరు కొంచెం బిగించి పట్టుకోమని సార్ నన్ను బతిమాలుతున్నట్టు అడిగారు. స్టెంట్ జారింది. విచ్చుకుంది. డై ఎక్కించాం. పొగ లేదు. మళ్లీ చూశాం. లేదు. గుండె చుట్టూ చేరిన రక్తం కొంచెమేనని ఎకో స్కాన్‌లో తేలింది. బీపీ మెల్లగా లేచింది.

“ఏంరా, వైరు పట్టుకోమంటే ఎద్దు పలుపు పట్టుకున్నట్టు పట్టుకున్నావ్?” అన్నారు సార్.

మల్లయ్య కళ్లు తెరవకుండానే అన్నాడు: “అయితే బతికినట్టే.”

బల్లమీద కదలకుండా పడుకున్నవాడే గదిలో అందరికంటే ఎక్కువ వింటాడని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏం జరిగినా ముందు పేషెంటుకు చెబుతున్నాం. సార్ మాత్రం కష్టం వస్తే గారు అనడం మానలేకపోయారు. పెళ్లిపత్రిక మీద నా పేరు పక్కన ఆ మాట కనబడితే, ఇప్పటికీ ముందు మానిటర్ కోసం వెతుకుతాను.