అసలు పాయింటు దాచుకున్న వ్యాసం

ఆ రోజుల్లో ఏ విషయం మీదైనా రెండు వైపులా మాట్లాడగలగడం నా ప్రతిభ అనుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు దాన్ని ఏ సంగతీ తేల్చకపోవడం అనేవారు. డిగ్రీ అయ్యాక గవర్నర్‌పేటలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళుతూ, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపున్న బాబాయి ఇంట్లో ఉండేవాణ్ణి. “ఈసారి కూడా పోతే బాబాయి షాపులో కూర్చుంటావు,” అని నాన్న ఫోనులో తేల్చేశారు. (పక్కనే ఉన్న బాబాయి ముఖంలోనూ ఏమంత ఆనందం కనిపించలేదు.)

పరీక్షలో చర్చావ్యాసం ఒకటి ఉండేది. ‘నగరంలో సొంత బండి మేలా, సిటీ బస్సు మేలా?’ అన్నది తప్పకుండా వస్తుందని కోచింగ్ మాస్టారు జోస్యం చెప్పారు. ముందు తోచిన పాయింట్లన్నీ రాసుకుని, తర్వాత గట్టివి ఏరుకోమన్నారు. నేను షాపులోనే సేకరణ మొదలుపెట్టాను.

“బస్సుని మెచ్చుకుంటే మన షాపు ఏమైపోవాలిరా?” అన్నాడు బాబాయి.

క్యారేజీ తెచ్చిన పిన్ని మాత్రం బస్సు పక్షమే. “బస్సులో అయితే కూరల సంచి ఒళ్ళో పెట్టుకోవచ్చు. బండి మీదైతే మీ బాబాయి వీపుకీ నాకూ మధ్య టమాటాలు పచ్చడైపోతాయి.”

పొగ, ప్రమాదాలు, బండి కొనలేనివాళ్ళు లాంటి గట్టి పాయింట్లు నేనే ఆలోచించాను. వీటిలో ఏది ముందు రాయాలని బాబాయిని అడిగాను.

“మంచి సరుకు మొదటే బల్ల మీద పెడతారంట్రా ఎవరైనా? నాసిది చూపించు. బేరం కుదరక వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి, అప్పుడు తియ్యి.”

నాకు సబబుగానే తోచింది.

పరీక్షలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది. టమాటాలతో మొదలుపెట్టి రెండు పేజీలు నడిపాను. గట్టివాటిని చివరికి అట్టేపెట్టాను. గంట మోగింది.

“ఒక్క నిమిషం మేడమ్, అసలు పాయింటు రాయాలి,” అన్నాను.

“ఇంతసేపూ ఏం చేశారండీ?”

“దాచానండీ.”

ఆవిడ కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిపోయేవాళ్ళని వెనక్కి పిలిచే పద్ధతి పరీక్ష హాల్లో లేదని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు షాపు నేనే చూస్తున్నాను. మంచి సరుకు మొదటే తీసి చూపిస్తాను. చదువుకున్నవాడి వ్యాపారం ఇలాగే ఉంటుందని బాబాయి నిట్టూరుస్తాడు. ఒక్కోసారి సాయంత్రం రోడ్డు మీద సిటీ బస్సు కిటకిటలాడుతూ పోతుంటే, టమాటాల మీద అంత శ్రద్ధగా రాసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడికి పాయింట్లన్నీ తెలుసు.